నీట్ ర్యాంకు రాలేదు, మైక్రోబయాలజీ పెట్టేద్దామా? సాగర్ ఆయకట్టు విద్యార్థులు తెలుసుకోవాల్సిన సంగతులు

ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్‌లో ర్యాంకు లక్షల్లో వచ్చింది. ఇప్పుడేం చేయాలి? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ప్రతి ఎండాకాలం చివర్లో చాలా ఇళ్లలో ఇదే మాట నడుస్తుంటుంది. నెట్ సెంటర్‌లో కూర్చుని 'దోస్త్' వెబ్‌సైట్‌లో డిగ్రీ ఆప్షన్లు పెడుతుంటే లిస్టులో 'మైక్రోబయాలజీ' అనే పేరు కనపడుతుంది. పేరులో ఎక్కడో ఆసుపత్రి వాసన ఉంది.

"బేటీ, ఇది చదివితే డాక్టర్ అవుతావా?" అని తండ్రి అడుగుతాడు.

"డాక్టర్ కాదు అబ్బా, ల్యాబ్‌లో ఉద్యోగం వస్తుందంట" అంటుంది కూతురు.

నెట్ సెంటర్ కుర్రాడు క్లిక్ కొట్టేస్తాడు. మూడేళ్ల చదువు ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

ఆ అమ్మాయి చెప్పిన జవాబులో సగమే నిజం. ల్యాబ్ ఉద్యోగాలు ఉన్నాయి. కానీ అవి చాలామంది అనుకునే ల్యాబ్‌లలో ఉండేవి కావు. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ కోర్సు విలువంతా పుస్తకంలో లేదు, చేతుల్లో ఉంది. ప్రాక్టికల్స్ జరగని కాలేజీలో మైక్రోబయాలజీ చదవడమంటే నీళ్లు లేని చోట ఈత నేర్చుకోవడమే.

చైనా గ్రాస్, ప్రెషర్ కుక్కర్

మైక్రోబయాలజీ అంటే కంటికి కనపడని జీవుల గురించిన చదువు. బ్యాక్టీరియా, వైరస్, ఫంగస్, నాచు, మలేరియా పరాన్నజీవి లాంటివన్నీ ఇందులోకి వస్తాయి. తెలుగు పుస్తకాల్లో సూక్ష్మజీవశాస్త్రం అని రాస్తారు. ఉర్దూ ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ 'జరాసీమ్' అంటారు, అది సూక్ష్మక్రిములకు ఉన్న మాట. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఉర్దూ మీడియంతో మొదలైనప్పుడు సైన్సు పాఠాలు కూడా ఉర్దూలోనే నడిచాయి. వాటికి కావాల్సిన పుస్తకాలను, మాటలను తయారు చేయడానికి దారుల్ తర్జుమా అని ప్రత్యేకంగా ఒక అనువాద విభాగమే పనిచేసింది. ఇప్పుడు ఈ కోర్సు పూర్తిగా ఇంగ్లిష్ మీడియం. తెలుగు మీడియంలోనో, ఉర్దూ మీడియంలోనో పదో తరగతి దాకా చదివిన పిల్లలకు మొదటి సెమిస్టర్ గట్టిగానే తగులుతుంది. సబ్జెక్టు కష్టమై కాదు, పేర్లు నోరు తిరగక. రెండో సెమిస్టర్‌కల్లా చాలామందికి అలవాటైపోతుంది.

ల్యాబ్‌లో మొదట నేర్పేది వంట లాంటి పని. బ్యాక్టీరియాను పెంచాలంటే దానికి తిండి కావాలి, కూర్చోవడానికి చోటు కావాలి. ఆ చోటు పేరు అగార్. సముద్రపు నాచు నుంచి తీసే ఈ పదార్థం వంటింటికి కొత్తదేం కాదు. రంజాన్‌లో ఇఫ్తార్‌కు పాలు, చక్కెర వేసి చేసే చైనా గ్రాస్ స్వీటులో చైనా గ్రాస్ అంటే అగారే. ల్యాబ్‌లోకి అది వచ్చింది కూడా వంటింటి నుంచే. 1880ల మొదట్లో జర్మనీలో రాబర్ట్ కోచ్ ల్యాబ్‌లో బ్యాక్టీరియాను జెలటిన్ మీద పెంచేవాళ్లు. కాస్త వేడి తగిలితే జెలటిన్ కరిగిపోయేది. కొన్ని బ్యాక్టీరియాలైతే దాన్నే తినేసేవి. అక్కడ పనిచేసే వాల్తేర్ హెస్సే భార్య ఫ్యానీ హెస్సే తన వంటింట్లో జెల్లీలకు వాడే అగార్‌ను వాడి చూడమని చెప్పింది. మనిషి ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర కూడా అది గట్టిగానే నిలబడింది. ఇవాళ ప్రపంచంలో ఏ మైక్రోబయాలజీ ల్యాబ్‌కు వెళ్లినా అగార్ ప్లేట్లు ఉంటాయి. ఆమె పేరు మాత్రం చాలా పుస్తకాల్లో ఒక్క లైనుకు మించి ఉండదు.

తర్వాతది ఆటోక్లేవ్. చూడ్డానికి పెద్ద ప్రెషర్ కుక్కర్ లాగే ఉంటుంది, పని కూడా అదే. ఆవిరి ఒత్తిడి 15 పౌండ్లకు ఎక్కితే లోపల వేడి 121 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడిలో 15 నిమిషాలు ఉంచితే మామూలుగా మరిగించినా చావని బ్యాక్టీరియా గింజలు, అంటే స్పోర్లు కూడా చచ్చిపోతాయి. ఆ తర్వాతే అగార్‌ను ప్లేట్లలో పోస్తారు. తీగ కొనను మంటలో ఎర్రగా కాల్చి, చల్లారాక, నమూనాను ప్లేటు మీద గీతలుగా రాస్తారు. ప్లేటును ఇంక్యుబేటర్‌లో పెట్టి ఇంటికి వెళ్లిపోతారు. ఫలితం మర్నాడే కనపడుతుంది. ఇక్కడే చాలా కాలేజీల బండారం బయటపడుతుంది. రాత్రంతా కరెంటు ఉండాలి, ఇంక్యుబేటర్ పనిచేయాలి, మర్నాడు ల్యాబ్ తాళం తీసేవాళ్లు ఉండాలి. వారానికి ఒక్క రోజు రెండు గంటలు ల్యాబ్ తెరిచే చోట ఈ పనులేవీ జరగవు. పిల్లలు రికార్డులో బొమ్మ గీసుకుని సంతకం పెట్టించుకుంటారు.

గ్రామ్ స్టెయిన్ సంగతీ అంతే. 1884లో డెన్మార్క్ డాక్టర్ హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ కనిపెట్టిన రంగుల పరీక్ష ఇది. గాజు పలక మీద బ్యాక్టీరియాను పూసి, ముందు ఊదారంగు వేస్తారు, తర్వాత అయోడిన్, ఆ తర్వాత ఆల్కహాల్‌తో కడిగి, చివర్లో ఎర్రరంగు వేస్తారు. గోడ మందంగా ఉన్న బ్యాక్టీరియా ఊదారంగును వదలదు, అది గ్రామ్ పాజిటివ్. గోడ పలచగా ఉన్నది ఊదాను వదిలేసి గులాబీ రంగు పట్టుకుంటుంది, అది గ్రామ్ నెగెటివ్. పుస్తకంలో నాలుగు లైన్లు. చేతితో చేస్తే మాత్రం మొదటిసారి దాదాపు అందరిదీ పాడవుతుంది, ఎందుకంటే ఆల్కహాల్ కొన్ని సెకన్లు ఎక్కువైతే అన్నీ గులాబీగానే కనపడతాయి. ఆ సెకన్ల లెక్క చెయ్యికి తెలియాలి. ఉద్యోగం ఇచ్చేవాళ్లు వెతికేది ఆ చెయ్యినే.

సిలబస్ కాలువ గట్టు మీదే ఉంది

నాగార్జున సాగర్‌కు 1955 డిసెంబర్ 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. లాల్ బహదూర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వరి పొలాలు పరుచుకున్నాయి. ఆ వడ్ల వెంటే మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊరు అయ్యింది. ఈ ప్రాంతంలో మైక్రోబయాలజీ చదివే పిల్లలకు ఉన్న అదృష్టం ఏంటంటే సగం సిలబస్ ఇంటి ముందే కనపడుతుంది. అయితే ఆ సంగతి క్లాసులో చెప్పేవాళ్లు తక్కువ.

సాంబ మసూరినే తీసుకుందాం. బాపట్లలో తయారై 1986లో విడుదలైన బీపీటీ 5204 ఇది. సన్నబియ్యం, మంచి రుచి, మంచి ధర. అగ్గి తెగులు, బాక్టీరియా ఎండాకు తెగులు రెండింటికీ తేలిగ్గా లొంగిపోవడం దీని బలహీనత. అగ్గి తెగులు ఫంగస్ వల్ల వస్తుంది, దానికి మందులున్నాయి. ఎండాకు తెగులు బ్యాక్టీరియా వల్ల వస్తుంది, దాని పేరు గ్జాంథోమోనాస్ ఒరైజే. గాలివానకు ఆకులు రాసుకుని గాయాలైతే లోపలికి దూరుతుంది, యూరియా ఎక్కువ పడ్డ చేలో ఇంకా రెచ్చిపోతుంది. ఆకు అంచుల నుంచి పసుపు పచ్చగా మారి ఎండుకుంటూ వస్తుంది. చాలామంది రైతులు దీనికి కూడా ఫంగస్ మందే కొడతారు. డబ్బులు పోతాయి, తెగులు పోదు.

ఇక్కడ డిగ్రీ మొదటి సంవత్సరం పిల్ల కూడా నాన్నకు సాయం చేయగలదు. తెగులు కొత్తగా సోకిన ఆకును, పచ్చభాగం ఎండుభాగం కలిసే చోట కత్తిరించి, గాజు గ్లాసులో శుభ్రమైన నీళ్లు పోసి అందులో నిలబెట్టాలి. కొన్ని నిమిషాల్లో కోసిన కొన నుంచి పాలలాంటి పొగ నీళ్లలోకి దిగితే అది బ్యాక్టీరియా. దిగకపోతే వేరే కారణం వెతకాలి. మైక్రోస్కోప్ లేకుండా గ్లాసెడు నీళ్లతో అయ్యే పరీక్ష ఇది. పాలు దిగితే యూరియా ఆపాలి, పొలంలో నీళ్లు తీసేయాలి, వ్యవసాయ అధికారిని అడగాలి.

ఈ తెగులుకు అసలైన జవాబు కూడా ల్యాబ్ నుంచే వచ్చింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి సాంబ మసూరిలోకి తెగులును తట్టుకునే మూడు జన్యువులను తెచ్చాయి. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి పేరుతో 2008లో ఆ రకం విడుదలైంది. ఇది జీఎం పంట కాదు. మామూలుగా రెండు రకాలను కలిపి, జన్యువు వచ్చిందో లేదో డీఎన్ఏ పరీక్షతో చూసుకుంటూ ఎంపిక చేశారు. తల్లిదండ్రులు 'ఈ చదువుతో ఏం చేస్తారు' అని అడిగినప్పుడు చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఉండదు.

మిల్లుల దగ్గర కూడా పని ఉంది. ఉప్పుడు బియ్యానికి వడ్లు నానబెట్టే తొట్ల దగ్గర పుల్లటి వాసన వస్తుంది కదా, అది నానిన నీళ్లలో సూక్ష్మజీవులు పులియబెట్టే పనే. తేమ ఎక్కువున్న వడ్లు నిల్వ చేస్తే ఆస్పర్‌జిల్లస్ లాంటి బూజు పడుతుంది. అందులో కొన్ని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తాయి, అది లివర్‌కు చెడ్డది. ఐకేపీ సెంటర్‌లో 17 శాతం తేమ కోసం రైతు, మిల్లర్ గొడవ పడుతుంటారు. ఆ గొడవ వెనక తూకం, డబ్బులు ఉన్నాయి, నిజమే. బూజు కూడా ఉంది.

వాన పడగానే వచ్చే మట్టివాసన సంగతి ఒక్క ముక్కలో చెప్పాలి. ఆ వాసన జియోస్మిన్ అనే పదార్థానిది, దాన్ని తయారు చేసేవాటిలో ముఖ్యమైనవి మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ జాతి బ్యాక్టీరియా. ఆ జాతి నుంచే స్ట్రెప్టోమైసిన్, ఆరియోమైసిన్ వచ్చాయి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే పరిశోధనకు నాయకత్వం వహిస్తున్న కాలంలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనిపెట్టారు. డిగ్రీ ల్యాబ్‌లో పొలం మట్టి తెచ్చి, నీళ్లలో కలిపి, ప్లేటు మీద పోసి, ఏ చుక్క పక్కన వేరే బ్యాక్టీరియా పెరగడం లేదో వెతికే ప్రాక్టికల్ ఒకటి ఉంటుంది. ఆ మందుల వేట మొదలైంది ఇలాంటి వెతుకులాటతోనే.

మరిగిస్తే ఏది పోతుంది, ఏది పోదు

నల్లగొండ అనగానే నీళ్లు, నీళ్లు అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తాయి. సాగర్ నీళ్లు, తర్వాత మిషన్ భగీరథ వచ్చాక పరిస్థితి చాలా మారింది గానీ, బోరు నీళ్లు తాగే ఇళ్లు ఇంకా ఉన్నాయి. చాలామంది 'మరిగించి తాగుతున్నాం, పర్వాలేదు' అంటారు. మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది. ఫ్లోరైడ్ మాత్రం పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది కూడా. ఒకటి జీవి, ఇంకోటి రసాయనం. ఈ తేడా తెలిసిన పిల్ల ఇంట్లో ఒక్కతి ఉన్నా మేలే.

నీళ్లలో మలం కలిసిందా లేదా చూసే పరీక్ష డిగ్రీ ప్రాక్టికల్స్‌లో తప్పకుండా ఉండాల్సింది. క్లోరిన్ కలిపిన నీళ్లయితే, ఆ క్లోరిన్ దారిలోనే బ్యాక్టీరియాను చంపేసి తప్పుడు ఫలితం ఇవ్వకుండా నమూనా సీసాలో ముందే కొంచెం సోడియం థయోసల్ఫేట్ వేస్తారు. నీళ్లను లాక్టోజ్ ఉన్న ద్రవంలో కలిపి, లోపల చిన్న గొట్టం బోర్లించి పెడతారు. కోలిఫామ్ బ్యాక్టీరియా ఉంటే లాక్టోజ్‌ను తిని గ్యాస్ వదులుతుంది, గొట్టంలో బుడగ కనపడుతుంది. తర్వాత ఈఎంబీ అగార్ మీద పెంచితే ఈ.కోలై పచ్చటి లోహపు మెరుపుతో పైకి తేలుతుంది. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీళ్లు 100 మిల్లీలీటర్లలో ఒక్క ఈ.కోలై కూడా కనపడకూడదు. మసీదు వజూఖానా ట్యాంకు నుంచి హాస్టల్ సంప్ దాకా ఎక్కడి నీళ్లతోనైనా ఈ ప్రాక్టికల్ చేయొచ్చు. చేసిన చోట పిల్లలు ఇంటికెళ్లి ముందు ట్యాంకు కడిగిస్తారు.

జ్వరాల సీజన్‌లో మరో సంగతి. మన దగ్గర రెండు రోజులు జ్వరం ఆగకపోతే వైడాల్ టెస్టు రాస్తారు, పాజిటివ్ అంటారు, టైఫాయిడ్ అని యాంటీబయాటిక్ మొదలవుతుంది. వైడాల్ 1896 నాటి పరీక్ష. అది రక్తంలో బ్యాక్టీరియాను వెతకదు, దాని మీద ఒళ్లు తయారు చేసుకున్న యాంటీబాడీలను వెతుకుతుంది. పాత జబ్బు, వేరే ఇన్ఫెక్షన్, పాత టీకా ఉన్నా పాజిటివ్ చూపించొచ్చు. ఒక్క వైడాల్‌తో టైఫాయిడ్ అని ఖాయం చేయడం కుదరదు, రక్తం కల్చర్ చేస్తే నమ్మకంగా తెలుస్తుంది. ఆ కల్చర్ చేయడం, పెరిగిన బ్యాక్టీరియా మీద మందు బిళ్లలు పెట్టి ఏది పనిచేస్తుందో మిల్లీమీటర్లలో కొలవడం కూడా మైక్రోబయాలజీ పనే. అయితే వైద్యం చెప్పాల్సింది డాక్టరే. డిగ్రీ పిల్లలు ఆ గీత దాటకూడదు.

ఉద్యోగం ఎక్కడ, ఎక్కడ కాదు

ఇక తండ్రి అడిగిన ప్రశ్న దగ్గరికి రావాలి. బీఎస్సీ మైక్రోబయాలజీ వైద్య కోర్సు కాదు, దాన్నుంచి ఎంబీబీఎస్‌కు అడ్డదారీ లేదు. ఆసుపత్రుల్లో రక్తపరీక్షలు చేసే ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగానికి డీఎంఎల్‌టీ, బీఎస్సీ ఎంఎల్‌టీ లాంటి వేరే చదువులున్నాయి. ప్రభుత్వ నోటిఫికేషన్లలో అడిగేది ప్రధానంగా వాటినే. సూర్యాపేటలో, నల్లగొండలో మెడికల్ కాలేజీలు వచ్చాయి, ప్రతి మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ విభాగం ఉంటుంది. దాన్ని చూసి 'అక్కడ తీసుకుంటారు' అని బీఎస్సీలో చేరితే తర్వాత బాధపడాల్సి వస్తుంది. ఆసుపత్రి ల్యాబే కావాలనుకునే పిల్లలు మొదటే ఎంఎల్‌టీ వైపు చూడటం మంచిది.

మరి ఈ డిగ్రీకి తలుపులు ఎక్కడ తెరుచుకుంటాయి? ఎక్కువగా ఫార్మా, టీకాలు, ఆహారం తయారు చేసే కంపెనీల క్వాలిటీ కంట్రోల్ విభాగాల్లో. సూర్యాపేట, కోదాడ మీదుగా పోయే హైదరాబాద్-విజయవాడ హైవేలోనే చౌటుప్పల్ వైపు ఫార్మా యూనిట్లు ఉన్నాయి. హైదరాబాద్ శివార్లలో జీనోమ్ వ్యాలీ ఉంది. అక్కడ కొత్తగా చేరినవాళ్ల పని ఇలా ఉంటుంది: ఇంజెక్షన్లు నింపే గదిలో అగార్ ప్లేట్లు తెరిచి పెట్టి, గాలిలో నుంచి ఏం పడుతుందో చూడటం, నీళ్ల పాయింట్ల నుంచి రోజూ నమూనాలు తీయడం, తయారైన మందును 14 రోజులు ద్రవంలో ఉంచి ఏమైనా పెరుగుతుందేమో చూడటం, ప్రతిదీ రాసి సంతకం పెట్టడం. మెరిసే పని కాదు. షిఫ్టులుంటాయి, మొదట్లో జీతం గొప్పగా ఉండదు. అమ్మాయిల విషయంలో హాస్టల్, నైట్ షిఫ్ట్ సంగతులు ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. మూడేళ్లు చదివించి చివర్లో 'దూరం పంపం' అంటే ఆ చదువు అక్కడే ఆగిపోతుంది.

పెద్దగా ఎవరూ చెప్పని దారి ఇంకొకటి ఉంది. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు 2011 నాటి కేంద్ర నిబంధనల్లో అర్హతగా పెట్టిన డిగ్రీల్లో మైక్రోబయాలజీ పేరు నేరుగా ఉంది. పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ, అయినా తెలిసి ఉండటం మంచిది. టీచర్ కావాలనుకుంటే మాత్రం సబ్జెక్టుల జోడీ జాగ్రత్తగా చూసుకోవాలి. మైక్రోబయాలజీతో పాటు బోటనీ, జువాలజీల్లో ఏవి ఉన్నాయన్నది బీఈడీ, డీఎస్సీ అర్హత దగ్గర అడ్డం తిరగొచ్చు. దోస్త్‌లో ఆప్షన్ పెట్టేటప్పుడు ఎవరికీ గుర్తురాని విషయం ఇదే. పైచదువులకైతే సీపీగెట్ రాసి రాష్ట్రంలోని యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీ చేయొచ్చు. ఎమ్మెస్సీ ఉన్నవాళ్లకు, లేనివాళ్లకు కంపెనీల్లో తేడా బాగానే ఉంటుంది.

చేరే ముందు ఒక పూట

నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి జిల్లాల డిగ్రీ కాలేజీలు 2007లో ఏర్పడిన మహాత్మాగాంధీ యూనివర్సిటీ కిందికి వస్తాయి. మిర్యాలగూడలో కేఎన్ఎం, కోదాడలో కేఆర్ఆర్ ప్రభుత్వ డిగ్రీ కాలేజీలున్నాయి, ప్రైవేటువి చాలా ఉన్నాయి. ఏ కాలేజీలో ఏ కాంబినేషన్ ఉందో ఏటా మారుతుంటుంది కాబట్టి ఆ సంవత్సరం దోస్త్ లిస్టే చూడాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఈపాస్‌లో దరఖాస్తు చేయాలి, ఆదాయ సర్టిఫికెట్ ముందే తీసి పెట్టుకుంటే మీసేవ చుట్టూ తిరగడం తప్పుతుంది.

అసలు పని ఆప్షన్ పెట్టే ముందు కాలేజీకి ఒక పూట వెళ్లడం. అదీ సెలవు రోజు కాదు, క్లాసులు నడిచే రోజు. ప్రిన్సిపాల్ గదిలో బ్రోచర్ తీసుకుని వచ్చేయకుండా మైక్రోబయాలజీ ల్యాబ్ చూపించమని అడగాలి. ఆటోక్లేవ్ పనిచేస్తోందా? ఇంక్యుబేటర్ ప్లగ్ గోడకు పెట్టి ఉందా? ఆయిల్ వేసి చూసే 100 రెట్ల లెన్స్ ఉన్న మైక్రోస్కోపులు ఎన్ని, ఒక బ్యాచ్‌లో పిల్లలెంతమంది? మైక్రోబయాలజీలోనే ఎమ్మెస్సీ చేసిన లెక్చరర్ ఉన్నారా, లేక బోటనీ సారే ఇది కూడా చెప్తున్నారా?

ఈ ప్రశ్నలు అడగడానికి మొహమాటం అయితే సీనియర్ పిల్లల రికార్డులు రెండు మూడు అడిగి చూస్తే చాలు. అన్ని రికార్డుల్లో ఒకే బొమ్మ, ఒకే అంకె, ఒకే ఫలితం ఉంటే అవి ఒకరిని చూసి ఒకరు రాసినవి. ఒకరి ప్లేటులో 40 చుక్కలు, ఇంకొకరి ప్లేటులో 63, మూడోవాళ్ల దగ్గర 'బూజు పట్టింది, మళ్లీ చేశాను' అని రాసి ఉంటే ఆ ల్యాబ్ తాళం రోజూ తీస్తున్నట్టే.